పూరేడు పిట్టని ఎవరూ అడగలేదు

ఇప్పుడు మెట్లెక్కితే ఆయాసం రావడం లేదు. కుట్టుమిషను మళ్ళీ తొక్కుతున్నాను. జుట్టు ఊడిపోవడం ఒక్కటే ఇంకా ఆగలేదు. ఇది రాయాలంటే ఇప్పుడే రాయాలనిపించింది. ఇంకొన్నాళ్ళు ఆగితే భయం మరిచిపోతాను, భయం మరిచిపోయి రాసింది ఎవరికీ పనికిరాదు.

జ్వరమే కదా, అదే తగ్గుతుంది అని ఇంట్లో కూర్చునేవాళ్ళ కోసం రాస్తున్నాను. మంచాన పడి ఉన్నప్పుడు చుట్టూ అందరూ తమ గురించి తలో మాటా మాట్లాడుకుంటుంటే నోరెత్తలేని వాళ్ళ కోసం మరీ రాస్తున్నాను.

నా పేరు గౌరి. చోడవరం బస్టాండు దగ్గర సందులో జాకెట్లు కుడతాను. మా ఆయన సత్తిబాబు నా మేనత్త కొడుకే, అందుకని బావ అనే పిలుస్తాను. ట్రాక్టరు ఉంది, సీజన్లో చెరకు తోలతాడు. మా అత్త పైడమ్మ నాన్నకి సొంత అక్క. అంచేత మా ఇంట్లో అత్తాకోడళ్ళ తగువులు బయటివాళ్ళ ఇళ్ళలో లాగా గుట్టుగా, మూతి ముడుచుకుని జరగవు. గట్టిగా అరుచుకుని, గంటలో ఒకే కంచం దగ్గర కూర్చుంటాం.

అత్తకి బోలెడు కథలొచ్చు. ఇంట్లో ఎవరికి ఒళ్ళు వెచ్చబడినా మంచం పట్టె మీద కూర్చుని కథ అందుకుంటుంది. పడుకున్నవాళ్ళు ఊఁ కొట్టాలి. ఊఁ వినపడకపోతే కథ ఆపేసి నుదుటి మీద చెయ్యి వేసి చూస్తుంది. థర్మామీటరు కంటే ఆవిడకి ఆ ఊఁ మీదే నమ్మకం. ఒక్కటే చిక్కు, ఆవిడ కథల్లో చివరికి ఎవరో ఒకరు పోతారు. పెళ్ళి చేసుకుని సుఖంగా ఉన్నారన్న కథ ఆవిడ నోట నేనెప్పుడూ వినలేదు. చిన్నప్పుడు అడిగితే, "పోయేవోళ్ళ గురించి ఇంటేనే ఉన్నోళ్ళ మీద పేమ పుడతాది" అనేది.

మార్గశిరం, మొదటి లక్ష్మివారం

వడ్డాది దగ్గర మాకు కాస్త పొలం ఉంది. వరికోతలప్పుడు కూలీలకి అన్నం పట్టుకెళ్ళి, గట్టు మీద గడ్డిలో వాళ్ళతో పాటు కూర్చుని తిన్నాను. కబుర్లలో పడి ఎండ వాలేదాకా లేవలేదు. అంతకుమించి నేను చేసిన నేరమేమీ లేదు.

ఆ తర్వాత కొన్నాళ్ళకి జ్వరం అందుకుంది. మొదటి లక్ష్మివారం నాడు అత్త గుమ్మంలో బియ్యప్పిండి ముగ్గులు వేసి, లక్ష్మీదేవికి పరమాన్నం పెట్టి, నాకూ ఇంత గిన్నెలో తెచ్చింది. ఒక చెంచా నోట్లో పెట్టుకుంటే మన్ను తిన్నట్టుంది. తలపోటు మామూలుది కాదు. కనుగుడ్ల వెనక ఎవరో కూర్చుని బయటికి తోస్తున్నట్టు ఉండేది. వీధి చివర డాక్టరు సూది వేసి, సీజను జ్వరాలమ్మా అన్నాడు. నేనూ అదే అనుకున్నాను. పెళ్ళిళ్ళ జాకెట్లు షాపులో గుట్టగా పడున్నాయి, నా ఆలోచనంతా వాటి మీదే.

అప్పుడే నడుం దగ్గర, సరిగ్గా లంగా బొందు కట్టే చోట, చిన్న నల్లటి పుండు కనిపించింది. బీడీ చివరతో కాల్చినట్టు నల్లగా పెచ్చు కట్టి ఉంది. నొప్పి లేదు, దురద లేదు. బొందు ఒరుసుకుని పడిందనుకున్నాను. ఊరందరికీ కొలతలు సరిచేసే దాన్ని, నా బొందే బిగించి కట్టుకున్నానని నా మీద నేనే విసుక్కున్నాను. అత్త సున్నం, పసుపు కలిపి దాని మీద మందంగా పట్టు వేసింది. మా ఇళ్ళలో పుండు కనపడితే చెయ్యి ముందు పసుపు డబ్బా మీదకే పోతుంది.

ఆ సాయంత్రం బెల్లం గుంట కథ చెప్పింది. పిల్లల్లేని మొగుడూ పెళ్ళాం బెల్లం వండుకుని బతికేవాళ్ళట. ఒకనాడు బెల్లం కాచే పెనం అడుగున మిగిలిన పాకంతో ఒక గుంటని, చిన్న ఆడపిల్లని, చేస్తే దానికి ప్రాణం వచ్చింది. ఇక వాళ్ళకి భయం పట్టుకుంది. వానొస్తే కరిగిపోతుంది, ఎండకి మెత్తబడుతుంది, కింద వదిలితే చీమలు. అందుకని కుండలో కూర్చోబెట్టి, మూత పెట్టి, గుడ్డ కట్టి, అటక మీద దాచారు. "అమ్మా, ఈదిలోకెల్లి ఆడుకుంటానే" అని గుంట లోపల్నుంచి అడిగేది. ఇవాళ వాన అనేవాళ్ళు, ఇవాళ ఎండ అనేవాళ్ళు. కొన్నాళ్ళకి అడగడం మానేసింది. ఆషాఢంలో ఒకనాడు మూత తీసి చూస్తే కుండలో ఇంత పాకం ఉంది. గాలి లేక తనంతట తనే చెమర్చి కరిగిపోయింది.

"దాసుకుంటే ఉండిపోద్దేటి పేణం?" అంది అత్త. నేను ఊఁ అన్నాను. అప్పటికింకా నా ఊఁ గట్టిగానే ఉంది.

రెండో లక్ష్మివారం

జ్వరం దిగలేదు. చోడవరంలోనే ఆసుపత్రిలో చేర్చారు. రక్తం తీశారు, అది కాదన్నారు. మళ్ళీ తీశారు, ఇదీ కాదన్నారు. ఫలానా జబ్బు అని చెబితే ఏడవచ్చు, ధైర్యం తెచ్చుకోవచ్చు. ఏమీ కాదంటూ మనిషి అలా కరిగిపోతుంటే దేన్ని పట్టుకుని భయపడాలో కూడా తెలియదు. మంచం ఖాళీ అయ్యేదాకా నన్ను హాల్లో బెంచీ మీద కూర్చోబెట్టారు. పక్కన బుచ్చయ్యపేట నుంచి మనవణ్ణి తెచ్చుకున్న ఒకావిడ, నన్ను ఎరగదు, నా పేరు కూడా అడగలేదు, నా తల తన భుజం మీదకి లాక్కుని, "వాలిపో అమ్మా, నాకేటి బరువు కాదు" అంది. ఆవిడ చీరకి చుట్టపొగ వాసన. ఆ భుజాన్ని నేను ఈ జన్మలో మరిచిపోను.

డాక్టరుగారు వచ్చి, ఒంటి మీద మచ్చలుగానీ దద్దుర్లుగానీ ఉన్నాయా అని అడిగారు. లేవండీ అన్నాను. ఆయన మగమనిషి. అదీకాక బొందు ఒరుసుకున్న పుండు మచ్చ ఎలా అవుతుందనుకున్నాను. అత్త పట్టు అప్పటికి ఎండి, పసుప్పచ్చగా గట్టిపడి, చర్మానికి అంటుకుపోయి ఉంది. అడిగినప్పుడు చీర కొంచెం పక్కకి జరిపి చూపించి ఉంటే మిగతా కథ ఉండేది కాదు. ఇది చదివే ఆడవాళ్ళకి చేతులెత్తి దండం పెట్టి చెబుతున్నాను, డాక్టరు అడిగితే సిగ్గుపడకండి. మన పసుపు ముందు డాక్టరు చూశాక పూసుకోవచ్చు.

లక్ష్మివారం మధ్యాహ్నానికి ఊపిరి అందడం మానేసింది. మాటకీ మాటకీ మధ్య ఆగి గాలి లాక్కోవలసి వచ్చింది. డాక్టరుగారు బావని పక్కకి పిలిచి, ఇక్కడ ఉంచితే చెయ్యగలిగింది లేదు, వెంటనే వైజాగ్ తీసుకెళ్ళండి అన్నారు. గాజువాకలో ఉండే మా అప్ప, అంటే నా సొంత అక్క, అప్పటికే ఫోనులో గోల పెడుతోంది. స్పీకరు పెట్టకపోయినా ఆ గొంతు నాకు వినపడుతోంది. "ఒరే సత్తిబాబూ, ఏటి సూస్తన్నావురా ఇంకా? దాన్ని బండెక్కించు!"

బావ ఫోను జేబులో పెట్టుకుని నా మంచం దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. బండి పిలవలేదు. ఎందుకో నాకు తెలుసు, అత్తకీ తెలుసు. మా మావయ్యకి గుండెనొప్పి వచ్చినప్పుడు ఇలాగే వైజాగ్ తీసుకెళ్ళమన్నారు. బావే ఎక్కించాడు. సబ్బవరం దాటాక ప్రాణం పోయింది. అప్పట్నుంచీ అత్త ఆ ఊరి పేరు కూడా ఎత్తదు, పెళ్ళికి పిలిచినా వెళ్ళదు.

"తీసుకెల్లొద్దురా," అంది అత్త. "ఇక్కడే సెలైను ఎక్కించమను. తగ్గుతాది."

"డాక్టరు గారు ఎల్లమంటన్నారే అమ్మా."

"మీ నాన్ననీ ఎల్లమన్నారు."

బావ మొహం చూడలేకపోయాను. ఎంత లోడైనా గట్టు ఎక్కించే మనిషి, మంచం ఇనపకడ్డీ వదలడం లేదు. అత్త పట్టె మీద కూర్చుంది. నా వైపు తిరిగి, నిజానికి కొడుక్కే వినపడేలా, కథ మొదలుపెట్టింది. అది వాదన అని ముగ్గురికీ తెలుసు.

చెరకుతోటలో ఒక పూరేడు పిట్ట ఉండేది. పక్క మడిలో కొంగతో దానికి నేస్తం. ఒకరోజు కొంగ పరిగెత్తుకుని వచ్చి, రేపు ఈ తోట కొట్టేస్తారంట, కత్తులు నూరుతున్నారు, నిన్ను ఏటి అవతలికి చేరుస్తాను అంది. పూరేడుకి అంత దూరం ఎగరడం రాదు. కొంగే వీపు మీద ఎక్కించుకుని ఏరు దాటించి, అవతలి గట్టు మీద దింపింది. అక్కడ పొదలో వేటగాడు వల పట్టుకుని కూర్చున్నాడు. "పొద్దున్న సోదమ్మ నా వల్లో ఇయాల పూరేడు పడతాదంది. ఏటికి ఈ పక్క పూరేళ్ళే లేవు, ఎలగ పడతాదా అని సూస్తన్నాను. నువ్వే మోసుకొచ్చేవా?" అన్నాడు.

"ఇవతల తోట," అంది అత్త, "ఆ ఏడు కొట్టనే నేదు."

ఊఁ కోసం ఆగింది. నేను ఊఁ కొట్టలేదు.

ఆవిడ చెయ్యి చటుక్కున నా నుదుటి మీదకి వచ్చింది. "ఊఁ అనవేటే గౌరీ? ఒలే, ఊఁ అనే!"

నాకు కోపం వచ్చింది. ఆ జ్వరంలో, ఆ ఆయాసంలో, అంత కోపం ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియదు. నేను చచ్చిపోతున్నాను. వీళ్ళిద్దరూ పోయిన మావయ్య గురించి ఆలోచిస్తున్నారు. నాకు బతకాలని ఉంది. అది ఎవరూ నన్ను అడగలేదు.

"పిట్టని," అన్నాను. గాలి లాక్కున్నాను. "పిట్టని ఎవులైనా అడిగేరా అత్తా?"

"ఏటి?"

"కొంగ సెప్పింది. కొంగే ఎత్తుకెల్లింది. ఏటగాడు అన్నాడు. పిట్ట ఏటందో... సెప్పనేదు నువ్వు."

"పిట్ట ఏటంటాదే?" గొంతు మారిపోయింది ఆవిడకి.

"ఎల్తానంటాది. నాను ఎల్తాను." మళ్ళీ ఆగాను. బావ కడ్డీ వదిలి ముందుకి వంగాడు. "బెల్లం గుంటని కుండలో ఎట్టి దాసేరు కదా. ఉండిపోయిందేటి? నువ్వే సెప్పేవు. ఈ కథా నువ్వే సెప్తన్నావు. రెండిట్లో ఏది నిజమో నువ్వే సెప్పు."

ఇన్నేళ్ళలో అత్త కథకి అడ్డం తిరిగిన మనిషి లేదు. నా వైపు, బావ వైపు చూసింది. తర్వాత లేచి, మంచం కింద ఉన్న సంచీ అందుకుంది, నా చెప్పులు అందులో పెట్టింది.

"బండి పిలవరా సత్తీ. నానూ ఎక్కుతాను."

"నీకు బండి పడదు కదే, వాంతులవుతాయి."

"అయితే అవుతాయి."

ఆ దారి

ముక్కు మీద ఆక్సిజన్ మాస్కు పెట్టారు. అంబులెన్సు కూత లోపల ఉన్నవాళ్ళకి వేరేగా వినపడుతుంది. వీధిలో వింటే ఎవరికో పాపం అనుకుంటాం, లోపల్నుంచి వింటే అది మన పేరే పిలుస్తోంది. చెరకు ట్రాక్టర్లు రోడ్డుకి అడ్డంగా ఉన్నాయి. బావ కిటికీలోంచి తల బయటికి పెట్టి, రోజూ తనతో టీ తాగే డ్రైవర్లనే పట్టుకుని బూతులు తిడుతున్నాడు. వాళ్ళు తిట్లు పడుతూనే బండ్లు పక్కకి తీశారు.

అత్త నా చెయ్యి పట్టుకుని కూర్చుంది. రెండుసార్లు కవరులోకి వాంతి చేసుకుంది, చెయ్యి మాత్రం వదల్లేదు. కథ లేదు. ఒకచోట ఆ పట్టు ఎంత బిగుసుకుందంటే నా వేళ్ళు నొప్పెట్టాయి. ఏ ఊరొచ్చిందో అప్పుడు నాకు తెలిసింది. నేనూ కళ్ళు గట్టిగా మూసుకున్నాను. ఇక్కడ కాదు, ఇక్కడ మాత్రం కాదు అని లెంపలేసుకోవాలనిపించింది, చెయ్యి ఖాళీ లేదు.

కళ్ళు తెరిచేసరికి బండి ఇంకా పరిగెడుతోంది. అత్త తల నా కాళ్ళ దగ్గర వాల్చి ఉంది.

మూడో లక్ష్మివారం

వైజాగ్ ఆసుపత్రిలో నర్సమ్మ ఒళ్ళు తుడుస్తూ, నడుం దగ్గర ఆగింది. ఇదేంటమ్మా పచ్చగా అని తడిదూదితో రుద్దింది. సున్నం పెచ్చులు పెచ్చులుగా లేచి, కింద నల్లటి మచ్చ బయటపడింది. వెంటనే డాక్టరమ్మని పిలిచింది. చిన్నపిల్లే, మా షాపుకి లంగావోణీలు కుట్టించుకోడానికి వచ్చే వయసులా ఉంది. మచ్చని చూసి, "పొలంలో గడ్డి మీద గానీ కూర్చున్నారా?" అని అడిగింది. తల ఊపాను. ఇంకేం అడగలేదు, ఏవో మందుల పేర్లు గబగబా చెప్పింది. గడ్డిలో, పొదల్లో ఉండే, కంటికి ఆనని పురుగు కుడితే వచ్చే జ్వరమట. స్క్రబ్ టైఫస్ అంటారు. కుట్టిన చోట చాలామందికి ఇలాంటి నల్లటి పెచ్చు పడుతుందట. మొదట్లోనే చూసుంటే మాత్రలతో పోయేది. ఆలస్యమయ్యేసరికి ఊపిరితిత్తుల దాకా పాకింది.

గుమ్మంలో నిలబడ్డ అత్త నర్సమ్మ చేతిలోని దూది వంకే చూస్తోంది. తను కలిపి పెట్టిన పసుపు అది. ఆ మొహం చూసి, నేను బతికితే ముందు ఈవిణ్ణి ఓదార్చాలి అనుకున్నాను.

తర్వాత ఐసీయూ. అక్కడి సంగతులు నాకు ముక్కలు ముక్కలుగానే గుర్తున్నాయి. బయట హాల్లో జరిగింది అప్ప తర్వాత చెప్పింది. అప్ప ఊరుకునే రకం కాదు. "పసుపు పూసి దాసేసేవు, బండెక్కించకుండా ఆపేవు, ఇంకేటి మిగిలిందత్తా నువ్వు సెయ్యడానికి?" అని అందరి ముందూ అడిగేసిందట. బావ లేచి అప్ప మీదకి వెళ్ళాడట. బావని పట్టుకుని ఆపింది కూడా అత్తే. "అననీరా. నిజమే కదా," అందట. ఆ తర్వాత వాళ్ళు ముగ్గురూ మూడు కుర్చీల వరసల్లో విడివిడిగా కూర్చున్నారు. కొడుకు ఆపరేషన్ కోసం వచ్చిన ఒక సాయిబుల ఇల్లాలు తన ఇంటి నుంచి వచ్చిన అన్నం ముగ్గురికీ పంచి, ముగ్గురినీ ఒకచోట కూర్చోబెట్టి తినిపించిందట. ఆవిడ కొడుకు ఎలా ఉన్నాడో తర్వాత మాకు తెలియలేదు. బాగుండాలి.

మూడో లక్ష్మివారం నాడు మాస్కు తీసేశారు. నేను మొదట అడిగింది చారన్నం. బావ గోడ వైపు తిరిగి, భుజాలు కదిలేలా ఏడ్చాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆ మనిషి ఏడవడం నేను చూడలేదు. తండ్రి పోయినప్పుడు కూడా ఏడవలేదని అత్త అంటూ ఉండేది. ఆ ఏడుపూ ఈ ఏడుపూ కలిపి ఒక్కసారే ఏడ్చాడేమో.

ఇంటికొచ్చాక

మార్గశిరం వెళ్ళిపోయే ముందు ఇంటికొచ్చాను. నడుస్తుంటే గోడ పట్టుకోవాలి. జుట్టు పిడికిళ్ళకొద్దీ ఊడుతోంది. ఇలాంటి జ్వరాల తర్వాత మామూలేనమ్మా, మళ్ళీ వస్తుంది అని డాక్టరమ్మ ముందే చెప్పింది. అత్త మాత్రం ఊడిన ప్రతి వెంట్రుకా ఉండచుట్టి దాస్తోంది, ఎందుకో నేను అడగలేదు.

ఆవిడ కథలు చెప్పడం మానేసింది. వంట చేస్తుంది, మందులిస్తుంది, ఆవులకి గడ్డి వేస్తుంది. నాతో మాట్లాడుతుంది గానీ కళ్ళలోకి చూడదు. నేను ఓదార్చాలనుకున్న మాటలు నోటిదాకా వచ్చి ఆగిపోయేవి. పసుపు నీ తప్పు కాదత్తా అంటే అబద్ధమవుతుంది, తప్పే అంటే ఆవిడ బతకదు.

ఒక పొద్దున్న ఎండలో పీట వేసి నన్ను కూర్చోబెట్టి, వెనక కూర్చుని చిక్కు తీస్తోంది. చేతులు మెల్లగా కదులుతున్నాయి. మొహాలు కనపడటం లేదు కాబట్టి ధైర్యం చేశాను.

"అత్తా, ఒక మాట అడుగుతాను. ఆ రోజు నాను ఎల్తానంటే ఒప్పుకున్నావు కదా. బతుకుతాననే ఒప్పుకున్నావా?"

దువ్వెన ఆగింది. అబద్ధం చెబుతుందనుకున్నాను, మంచి అబద్ధం, అమ్మవారు కలలో కనపడిందనో ఏదో.

"నేదే," అంది. "సచ్చిపోతావనే అనుకున్నాను. సబ్బారం దాటవనుకున్నాను."

"మరెందుకు ఎక్కేవు?"

దువ్వెనలో చిక్కుకున్న వెంట్రుకలు తీసి ఉండచుట్టింది. ఎదురింట్లో ఎవరో బిందె కింద పెట్టిన చప్పుడు వినపడింది.

"మీ మావయ్య ఎల్లినప్పుడు నాను ఇంటికాడే ఉండిపోయేను. సాయంత్రానికి వచ్చేస్తారు, అన్నం ఒండి ఉంచుతానన్నాను. ఒండేను. ఆకరప్పుడు ఆ మనిషి ఏటన్నాడో, నన్ను అడిగేడో నేదో, నాకు తెల్దు. సత్తిగాడు సెప్పడు, నాను అడగను. నువ్వు పోతే పోతావు, ఒక్కదానివే పోకూడదని ఎక్కేనే. అంతే."

నేను వెనక్కి తిరిగి ఆవిడ మోకాళ్ళ మీద తల పెట్టి ఏడ్చాను. ఆసుపత్రిలో ఏడవని ఏడుపంతా వచ్చేసింది. అత్త నా వీపు మీద చెయ్యి వేసి కాసేపు ఉండనిచ్చింది. తర్వాత భుజం పట్టుకుని లేపింది.

"సాల్లే. సగం సిక్కు ఇంకా అలాగే ఉంది. తిన్నగా కూకో."